మక్కికి మక్కీ దించినా రాని భయం: 1998 నాటి ‘సైకో’

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ను గస్ వాన్ శాంట్ 1998లో దాదాపు షాటుకు షాటు, మాటకు మాట మళ్లీ తీశారు. స్క్రిప్టు జోసెఫ్ స్టెఫానో రాసినదే. సంగీతం కూడా బెర్నార్డ్ హెర్మన్ కట్టినదే. దాన్ని డానీ ఎల్ఫ్‌మన్ కొత్తగా రికార్డు చేయించారు. రీమేకులు చూసి పెరిగిన మనకు దించడమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు గానీ, ఇంత నిష్ఠగా దించిన సినిమాను నేను మరొకదాన్ని చూడలేదు. ఆ నిష్ఠ అంతా నల్లగొండలోని మా ఇంట్లో ఒక ఆదివారం రాత్రి ఒక్కరినీ భయపెట్టలేకపోయింది.

చూసినవాళ్లం నలుగురం. వారిలో మా చిన్నమ్మ సంగతి వేరుగా చెప్పాలి. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఈ కథ ఎన్నడూ వినలేదు, హిచ్‌కాక్ పేరు తెలియదు. అందరికీ కథ ముందే తెలుసు గనుక 1998 సినిమాకు భయపెట్టే అవకాశమే లేకపోయిందని దాన్ని సమర్థించేవారు అంటుంటారు. ఆ వాదన నిజమో కాదో తేల్చగలిగిన ప్రేక్షకురాలు మా ఇంట్లో ఆమె ఒక్కతే. పల్లికాయల గంప ముందర పెట్టుకొని, వొలుస్తూ చూసింది. అవసరమైన చోట మాటలను నేను తెలుగులో చెబుతూ వచ్చాను.

కథ క్లుప్తంగా ఇది. ఫీనిక్స్ నగరంలో ఒక ఆఫీసులో పనిచేసే మేరియన్ క్రేన్, బ్యాంకులో వేయమని ఇచ్చిన సొమ్ముతో కారులో పారిపోయి, వాన పడుతున్న రాత్రి బేట్స్ మోటెల్‌లో దిగుతుంది. పాత సినిమాలో ఆ సొమ్ము 40,000 డాలర్లు, కొత్తదానిలో 4,00,000. మోటెల్ నడిపే నార్మన్, కొండ మీది ఇంట్లో అతని తల్లి, స్నానాల గదిలో హత్య, వెతుక్కుంటూ వచ్చిన డిటెక్టివ్, చివరికి బయటపడే రహస్యం. ఆ రహస్యాన్ని తెలియనివారి కోసం ఇక్కడ చెప్పడం లేదు.

షవరు కింద కత్తి లేచినప్పుడు చిన్నమ్మ అన్నది ఒకటే మాట: “ఒంటి పిల్ల, తెల్వని జాగ, తలుపుకు గడియ పెట్టుకోవద్దా బిడ్డా?” పల్లికాయలు చిట్లుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

ఎందుకు ఆగలేదన్నదే ఈ సమీక్షకు విషయం. మొదటి కారణం నార్మన్ పాత్రధారి. పాత సినిమాలో ఆంథొనీ పెర్కిన్స్ సన్నగా, బెదురుచూపులతో, మిఠాయి నములుతూ మాట తడబడుతుంటే పిలిచి అన్నం పెట్టాలనిపిస్తుంది. మనకు కలిగే ఆ జాలే తరువాత మన మెడకు చుట్టుకుంటుంది. కొత్తదానిలో నార్మన్‌గా వేసిన విన్స్ వాన్ భారీ మనిషి. పైగా మాట చివర ఆయన జోడించే వెకిలి నవ్వు ‘ఇతనితో జాగ్రత్త’ అని మొదటి సన్నివేశంలోనే చాటింపు వేస్తుంది. “వీడు మంచోడు గాడు” అని చిన్నమ్మ ఆయన కనబడిన కాసేపటికే తేల్చేసింది. రహస్యం బయటపడినప్పుడు ఆమె ముఖంలో కనబడింది భయం కాదు, పందెం గెలిచిన సంతృప్తి.

రెండవది రంగు. హిచ్‌కాక్ నలుపు తెలుపులలో తీయడానికి ఖర్చు ఒక కారణమైతే, నెత్తురు మరీ వెగటుగా ఉంటుందన్నది ఇంకొకటి. ఆ నెత్తురు చాక్లెట్ సిరప్ అని ఇప్పుడు అందరికీ తెలిసినా, నిమిషంలోపు సాగే ఆ హత్యలో పదుల కొద్దీ ముక్కలు ఒకదాని వెంట ఒకటి కొట్టుకుంటూ పోతుంటే, కత్తి దిగడం మనం చూశామనే ప్రమాణం చేస్తాము. నిజానికి చాలావరకు చూసి ఉండము. కొత్త సినిమా ఎర్రటి నెత్తురును, వీపు మీది గాయాలను చూపి, మన ఊహకు పని లేకుండా చేసింది.

అది చాలదన్నట్టు దర్శకుడు తన సొంతంగా కొన్ని షాట్లు కలిపారు. హత్య నడుమ ఉరుము మబ్బులు కనబడతాయి. డిటెక్టివ్ మెట్ల మీద నుంచి పడిపోతుంటే ఒక క్షణం రోడ్డు మీద నిలబడిన ఆవు కనబడుతుంది. అది పీడకల అన్నమాట. మిర్యాలగూడ రోడ్డు మీద రోజూ హారన్ కొట్టి తప్పుకొనిపోయే మాకు ఆ ఆవును చూసి ఏమనుకోవాలో తోచలేదు. ఇన్ని వందల షాట్లు ఉన్నవి ఉన్నట్టు దించిన మనిషి, తనదంటూ కలపదలచినప్పుడు కలిపినవి ఇవి కావడమే ఆశ్చర్యం.

వీటన్నిటికన్నా పెద్ద పొరపాటు గోడకన్నం సన్నివేశంలో ఉంది. పాత సినిమాలో నార్మన్ గోడకున్న పటం తీసి, రంధ్రంలోంచి పక్క గదిలోకి చూస్తాడు. ఆ కన్ను దగ్గరగా కనబడుతుంది, అంతే. కొత్తదానిలో అతడు చూస్తూ ఏం చేస్తున్నాడో చప్పుడు రూపంలో వినిపించారు. మా ఊరి పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడ గర్భగుడిలో లింగం వెనుక ఒక స్తంభపు నీడ పొద్దు తిరిగినా కదలకుండా నిలిచి ఉంటుంది. ఏ స్తంభం నీడ అది అని, వచ్చినవారందరూ వెనక్కు తిరిగి కంబాలను లెక్కబెట్టుకుంటూ నిలబడతారు. అంత సేపు నిలబెట్టేది నీడ ఒక్కటే కాదు, దాని మూలం కంటికి దొరకకపోవడం. వాన్ శాంట్ ఆ కంబం మీద చాక్‌పీసుతో గురుతు పెట్టారు.

రీమేకు అనగానే భయం చచ్చిపోతుందని నేను అనను. ఫాజిల్ 1993లో మలయాళంలో తీసిన ‘మణిచిత్రత్తాళు’లో, కథ నడిచే పాత ఇంట్లో ఎన్నడో చనిపోయిన నర్తకి తమిళం మాట్లాడుతుంది. పి. వాసు 2005లో అదే కథను తమిళంలో ‘చంద్రముఖి’గా తీసినప్పుడు ఆమె తెలుగు మాట్లాడింది. ఇంట్లో తిరిగే మనిషి నోట పరాయి భాష పలకడంలోనే భయం ఉందని గ్రహించి, అది పరాయిదిగా మిగలడం కోసం భాషనే మార్చారు. మార్చవలసినది ఏదో, ఉంచవలసినది ఏదో తెలిసిన పని అది.

న్యాయంగా చెప్పవలసినవీ ఉన్నాయి. ఊరి మీదుగా ఎగురుతూ వచ్చి హోటల్ కిటికీలోకి దూరే మొదటి షాటును హిచ్‌కాక్ ముక్కలుగా అతికించవలసి వచ్చింది. ఇక్కడ అది ఏకధారగా సాగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. జూలియన్ మూర్, విలియం హెచ్. మేసీ తమ పాత్రలను పాత నీడ పడకుండా నిలబెట్టుకున్నారు. దీనికి ఆ ఏడాది అతి చెత్త దర్శకుడు, అతి చెత్త రీమేకు అంటూ ఇచ్చిన వెక్కిరింపు బహుమతులలో మొదటిది అన్యాయమనే నా అభిప్రాయం. చేతకాక చెడగొట్టిన సినిమా కాదిది.

రెండు వారాల తరువాత పాతదాన్ని పెట్టాను. ఈసారి చిన్నమ్మకు కథ మొత్తం తెలుసు, ఎవరు ఎప్పుడు పోతారో తెలుసు, గంపలో పల్లికాయలూ ఉన్నాయి. హత్య తరువాత నార్మన్ ఆ కారును బురదమడుగులోకి తోస్తాడు. కారు సగం దాకా దిగి ఆగిపోతుంది. అతడు నములుతున్నది ఆపి అటూ ఇటూ చూస్తాడు. కొత్త సినిమాలోనూ ఇదే షాటు ఉంది, అప్పుడు మేము చాయ్ పోసుకుంటున్నాము. ఇప్పుడు గదిలో చప్పుడు లేదు. చిన్నమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక కాయ సగం చిట్లి ఉంది. కారు మళ్లీ కదిలి మునిగిపోయిన తరువాతనే ఆ కాయ పూర్తిగా విచ్చుకున్నది.