కంపైలర్‌ను ఒకే పాస్‌లోకి తేవాలంటే: కలిపి రాయడమా, కోరొటీన్లా?

నల్లగొండలో ఇంజినీరింగ్ ప్రాజెక్టుల గడువు దగ్గరపడిందంటే నా ఫోనుకు ఒకటే ప్రశ్న వస్తుంది: “సార్, మా కంపైలర్‌లో నాలుగు పాస్‌లున్నాయి. ఒకే పాస్‌లోకి తేవాలంటే అన్నిటినీ కలిపి మళ్లీ రాయాలా, కోరొటీన్లు పెట్టుకోవాలా?” కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల కోడ్‌గా మార్చేది; పాస్ అంటే ఆ ప్రోగ్రామును మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తిరగేయడం, దాని ఫలితం ఫైలుగా తర్వాతి పాస్‌కు అందుతుంది. కోరొటీన్ అంటే మధ్యలో ఆగి, ఇంకోదానికి పని అప్పగించి, మళ్లీ ఆగిన చోటి నుంచే సాగే ప్రోగ్రాము ముక్క. మొన్న వేసవిలో నా సొంత చిన్న భాషకు ఇదే పని చేశాను. రెండు దారులూ తొక్కి చూశాను కాబట్టి చెబుతున్నాను.

కలిపి రాయడమంటే, పార్సర్ (ప్రోగ్రాము వాక్య నిర్మాణాన్ని పోల్చుకునే భాగం) ఒక వాక్యాన్ని గుర్తించిన చోటే దాని కోడ్ వెలువడాలి. ప్రోగ్రాము నిర్మాణాన్ని చూపే చెట్టు ఉండదు, మధ్యలో ఫైళ్లుండవు. 1983 నాటి టర్బో పాస్కల్ ఇలాంటిదే. ఎడిటర్, కంపైలర్ కలిసి 40 కిలోబైట్లలోపే సర్దుకున్నాయి. లువా భాష కంపైలర్ ఇప్పటికీ చెట్టు కట్టకుండా, చదువుతూనే బైట్‌కోడ్ (లువా నడిపే సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యే ఆదేశాలు) రాస్తుంది. అయితే అవి పుట్టుకతోనే ఒకే పాస్‌వి. మనం విడివిడిగా పెరిగినవాటిని ఒక చోటికి తెస్తున్నాం.

ఆ తేడా నాకు లైను నంబరు దగ్గర తెలిసొచ్చింది. ప్రోగ్రామును టోకెన్లుగా, అంటే పదాలూ గుర్తులుగా విడగొట్టే నా స్కానర్‌లో ‘ప్రస్తుత లైను’ అనే గ్లోబల్ వేరియబుల్ (ఏ భాగమైనా చూడగలిగేది) ఉండేది. పాత పద్ధతిలో టోకెన్ల ఫైలులో ప్రతి టోకెన్ పక్కనే దాని లైను నంబరు రాసేవాణ్ణి కనుక పేచీ లేదు. కలిపేశాక పార్సర్ ఆ వేరియబుల్‌నే నేరుగా చూడసాగింది. పార్సర్ ఎప్పుడూ ఒక టోకెన్ ముందుకు చూస్తుంది కదా. 12వ లైను చివర తప్పుంటే స్కానర్ అప్పటికే 13లోకి దాటి ఉంటుంది. తప్పు 13లో ఉందని సందేశం వచ్చేది. అక్కడ చూస్తే ఒక్క మూసే బ్రాకెట్ తప్ప ఏమీ లేదు! రెండు సాయంత్రాలు పార్సర్‌ను తిట్టుకున్నాను. ఆ తర్వాత ఇలాంటివే మరికొన్ని బయటపడ్డాయి: రెండు పాస్‌లు ఒకే పేరుతో వాడుకున్న కౌంటర్, ఒక పాస్ మొదట్లో తుడిచేసే పట్టిక. ఇంతకాలం ఒకటి ముగిశాకే మరొకటి మొదలయ్యేది కాబట్టి గొడవ రాలేదు.

కోరొటీన్లను కొత్త మోజు అనుకునేవాళ్లున్నారు. కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1963లో ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో కోబాల్ కంపైలర్ గురించి రాసిన వ్యాసంలోనే వీటిని వివరించాడు. అదే కంపైలర్ కాస్త పెద్ద యంత్రంలో ఒకే పాస్‌గా నడుస్తుంది, చిన్న యంత్రంలో మధ్యలో టేపులు పెట్టుకుంటే సరిపోతుంది.

గుర్రంపోడు వైపు మా మేనమామ బత్తాయి తోటలో ఈ పద్ధతే కళ్లారా చూశాను. మామూలుగా కాయలు కోసి కుప్ప పోస్తారు, ఆ కుప్పను ఏరి ఇంకో కుప్ప పోస్తారు, తర్వాత లెక్క, ఆపైన లారీ. ఆ రోజు మబ్బు కమ్మడంతో గంప కోసేవాళ్ల చేతి నుంచి ఏరేవాళ్లకు, అక్కణ్నుంచి నేరుగా లారీలోకి వెళ్లింది. మనుషులు వాళ్లే, పనీ అదే. కుప్పలు మాత్రం లేవు. స్కానర్‌లో ‘ఫైలుకు రాయి’ అన్న చోట ‘అందించి ఆగు’ అనీ, పార్సర్‌లో ‘ఫైలు నుంచి చదువు’ అన్న చోట ‘తర్వాతది అడుగు’ అనీ మార్చాను, అంతే. పైథాన్‌లో దీనికి యీల్డ్ అనే ఆదేశం సిద్ధంగా ఉంది. ఏ పాస్ వేరియబుళ్లు ఆ పాస్ దగ్గరే ఉంటాయి, లైను నంబరు టోకెన్ వెంటే వస్తుంది. ఒక మధ్యాహ్నంలో పని అయిపోయింది.

నా మొగ్గు ఎటో చెప్పనక్కర్లేదు. కానీ అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ముందు పాస్ మొత్తం ముగిస్తే తప్ప తెలియని సంగతి ఏదైనా తర్వాతి పాస్‌కు కావాలా? పెద్ద కాయలన్నీ లారీ అడుగునే వేయమంటే కుప్ప పోయక తప్పదు. తర్వాతెప్పుడో రాబోయే ఫంక్షన్ చిరునామా ఒక్కటే తెలియకపోతే బ్యాక్‌ప్యాచింగ్‌తో గట్టెక్కుతాం; ఖాళీ వదిలి, ఆ చోటును జాబితాలో రాసుకుని, ఫంక్షన్ వచ్చాక నింపుతాం. ‘మొత్తం = లెక్కించు(5) + 2.5’ అన్నప్పుడు మాత్రం చిక్కు. ‘లెక్కించు’ ఇంకా రాలేదు. అది పూర్ణాంకమిస్తే కూడే ముందు దశాంశంగా మార్చే ఆదేశం ఒకటి పడాలి, దశాంశమే ఇస్తే అక్కర్లేదు. మరి ఎంత ఖాళీ వదలాలి? పాస్కల్‌లో ‘ఫార్వర్డ్’, సీలో ప్రోటోటైపు ఇలాంటి అవసరానికే. జావా, గో భాషల్లో అలా ముందుగా ప్రకటించే నియమం లేదు. పేర్లు, టైపులు సేకరించడానికైనా ముందొక చుట్టు తిరగాలి. నేను నా భాష నియమాన్నే మార్చేశాను: పిలిచే ముందే ఫంక్షన్ తలను (పేరు, అది ఇచ్చే విలువ టైపు) రాయాలి. దాన్ని వాడేది నేనొక్కణ్నే కాబట్టి ఎవరూ అభ్యంతరపెట్టలేదు.

పాస్‌లను ఏకకాలంలో నడిపే థ్రెడ్లు, ఒకదాని ఫలితాన్ని మరొకదానికి పంపే పైపులు వాడమనేవాళ్లూ ఉన్నారు. నడుస్తాయి, కానీ సింబల్ టేబుల్ (పేర్లు, టైపుల పట్టిక) పంచుకోవాల్సి వస్తే తలనొప్పి. పాస్‌లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచేయడమూ తప్పు కాదు. గట్టి ఆప్టిమైజేషన్ (కోడ్‌ను మెరుగుపరచడం) కావాలంటే అదే చేయండి. ఐబీఎం 1401 అనే పాత కంప్యూటర్ ఫోర్ట్రాన్ కంపైలర్‌కు 63 దశలుండేవి, 8,000 అక్షరాల మెమరీలో ఇమడాలి కాబట్టి. మీ ల్యాప్‌టాప్‌కు ఆ కష్టం లేదు.

ఏ దారిన వెళ్లినా పాత కంపైలర్‌ను చెరిపేయకండి. ఒకే ప్రోగ్రామును రెండింటికీ ఇచ్చి, వెలువడిన కోడ్‌ను బైటు బైటుగా పోల్చండి. నేను 31 ప్రోగ్రాములు పోలిస్తే ఒకదానిలో తేడా వచ్చింది. కొత్తదాన్ని గంటసేపు తవ్వాక తెలిసింది, తప్పు పాతదానిలో ఉందని.