అడుగు తడవని యాపిల్ పై: ఎనామిల్ ప్లేటుతో కొన్నేళ్ల అనుభవం

యాపిల్ పై (pie, అంటే మైదా పొరలో పండ్లు పెట్టి ఓవెన్‌లో కాల్చేది) కోసి మొదటి ముక్క లేపినప్పుడు అడుగు పొర చిరగకుండా, పొడిగా, గోధుమరంగులో కరకరలాడుతూ వస్తే ఆ ఆనందమే వేరు. నాకు ఆ ఆనందం ఇచ్చింది నీలం అంచున్న మామూలు తెల్ల ఎనామిల్ పై ప్లేటు. ఇంగ్లండులో ఏ ఇంట్లో చూసినా ఉండే సరుకే కాబట్టి కొలతల జోలికి పోను.

లీడ్స్ వచ్చిన కొత్తలో పింగాణీ డిష్‌లో చేసేదాన్ని. పైన చక్కటి రంగు, కింద ఉడకని మైదా ముద్ద. పింగాణీ మందం, నిదానంగా వేడెక్కుతుంది. ఆలోపు పిండిలోని వెన్న కరిగి, పండ్ల నీరు కిందికి దిగిపోతుంది. ఎనామిల్ పూత కింద ఉండేది పల్చటి ఉక్కు రేకు, వేడిని చప్పున అందుకుంటుంది. ఓవెన్‌ని 200 డిగ్రీలకు వేడి చేసేటప్పుడే లోపల ఒక బేకింగ్ ట్రే ఉంచి, దాని మీద ప్లేటు పెడితే అడుగు త్వరగా గట్టిపడుతుంది.

ఇంగ్లీషు యాపిల్ పైకి ఇది మరీ అవసరం, ఎందుకంటే అందులో వేసేది బ్రామ్లీ అనే రకం యాపిల్. కొరికి తినే పండు కాదు, వంటకే. నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి నాటిన గింజల్లోంచి మొలిచిన చెట్టు అది. పేరు మాత్రం తర్వాత ఆ చెట్టున్న ఇల్లు కొనుక్కున్న మాంసం కొట్టాయన బ్రామ్లీది. విపరీతమైన పులుపు. వేడి తగిలితే ముక్క నిలవదు, మెత్తగా విచ్చుకుపోయి బోలెడు నీరు వదులుతుంది.

సెప్టెంబరు, అక్టోబరుల్లో మా వీధిలో చెట్లున్నవాళ్లు రాలిన పళ్లు సంచుల్లో పోసి గేటు బయట పెడతారు, కావలసినవాళ్లు పట్టుకెళ్లొచ్చు. అలా పరిచయమైన పక్కింటి పెద్దావిడ తన పద్ధతి చెప్పారు. 225 గ్రాముల మైదాకి 110 గ్రాముల కొవ్వు, అందులో సగం వెన్న, సగం లార్డ్, అంటే పంది కొవ్వు. పండ్లు పరిచే ముందు అడుగున ఒక చెంచా సెమొలినా చల్లమన్నారు. డబ్బా మూత తీసి చూపిస్తే, అది మన బొంబాయి రవ్వే! పండ్ల రసాన్ని రవ్వ పీల్చేసుకుంటుంది. బదులుగా నేను రుబార్బ్ (పుల్లటి కాడలుండే మొక్క) పైలో పంచదారకు బదులు బెల్లం తురుము, ఏలకుల పొడి వేసే పద్ధతి చెప్పాను. రుబార్బ్ కాడలతో గోంగూర పప్పులాంటి పప్పు కూడా చేస్తానంటే అదీ రాసుకున్నారు. (ఆకులు మాత్రం విషం, పారేయాలి.)

ఇక అసలు బాధ. ఒక ఫిబ్రవరిలో, మా చుట్టుపక్కల చీకటి షెడ్లలో పెంచి కొవ్వొత్తి వెలుగులో కోసే లేత గులాబీ రుబార్బ్ తెచ్చి పై చేశాను. ప్లేటు కడుగుతుంటే లోపల మలుపు దగ్గర నువ్వుగింజంత పెచ్చు లేచి నల్లటి రేకు కనిపించింది. ప్లేటు కింద పడిందీ లేదు, నేను ఇనప పీచుతో తోమిందీ లేదు. అమ్మినవాళ్లకి ఫొటో పంపితే, వాడకంలో వచ్చిన నష్టానికి గ్యారంటీ వర్తించదని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు చాలా కష్టమనిపించింది. కొద్ది రోజులకే అక్కడ తుప్పు పట్టింది, ఆ చోట పొర ఇనుము రుచి వచ్చింది. లోపల పెచ్చు లేస్తే ఇంకా ఊడి తిండిలో కలిసే ప్రమాదం ఉంది, ఇక వంటకి వాడకూడదు. మరొకటి కొన్నాను, వేరే దుకాణంలో. ఈసారి లోహపు గరిటె, చాకు తగలనివ్వడం లేదు. పై ముక్కలు చెక్క గరిటెతోనే కోస్తున్నాను.

అడుగు ఘనత అంతా ప్లేటుదేనని ఇదివరకు అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడైతే వేడి ట్రేకీ రవ్వకీ సగం వాటా ఇస్తాను. అత్తయ్యగారు తినరు కాబట్టి మా ఇంట్లో లార్డ్ వాడను, అంతా వెన్నే. అందుకని పక్కింటావిడ పై అంత కరకర నాకు రాదు, ప్లేటు ఎంత మంచిదైనా. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు కాబట్టి మిగిలిన పైని వేరే పళ్లెంలోకి మార్చక తప్పదు.

హైదరాబాదులో మా చెల్లెలు కూడా కొనాలా అని అడిగింది. దానికి అక్కడ బ్రామ్లీ దొరకదు, గ్రీన్ యాపిల్‌కి నిమ్మరసం పిండి చేస్తుంది. ఆ ముక్కలు అంతగా నీరు వదలవు. దాని ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) కింది రాడ్ బాగా కాలుతుంది, మామూలు స్టీలు పళ్లెంలోనే అడుగు చక్కగా వస్తోంది. అందుకే దాన్ని కొనమనలేదు.