గ్బడోలీటే: మొబుటూ రాజభవనం చూడాలంటే

డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో ఉత్తరాన, గ్బడోలీటే ఊరి దగ్గర, 1997 వరకూ దేశాన్ని ఏలిన నియంత మొబుటూ కట్టించుకున్న కవెలే రాజభవనాన్ని అక్కడ కాపలా ఉండేవాళ్లే తిప్పి చూపిస్తారు. రుసుం ఎంతో లోపలికి అడుగుపెట్టకముందే తేల్చుకోండి. ఫ్రెంచో, అక్కడి భాష లింగాలానో వచ్చినవాళ్లు వెంట ఉండాల్సిందే. 1997లో దోచుకున్నవాళ్లు పాలరాతి పలకలు కూడా ఊడబీక్కుపోయారు, గోడలకి మిగిలింది సిమెంటే. చెప్పులతో వెళ్లొద్దు, బూట్లు వేసుకోండి.

ఖాళీ ఈతకొలను ఫోటో తీసుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు. మొబుటూ మొదటి భార్య మారీ ఆంటోనెట్ 1977లో చనిపోయింది. సమాధి గ్బడోలీటేలోనే కట్టించారు, అది తప్పక అడిగి చూడండి. 1980 మే 1న, పోప్ కాంగోకి వచ్చే ముందురోజు, మొబుటూ బోబీ లదావాని పెళ్లాడాడు. ఆమె కవల సోదరి కోసియా కూడా ఆయనకి తోడుగానే ఉండేది. ఈ సంగతులు తెలుసుకుని వెళ్తేనే ఆ ఖాళీ గదులు మాట్లాడతాయి.