చంద్రగిరి కాఫీ మొక్క: పాడేరు కొండల్లో వేయదగ్గదేనా?

పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో ముసలి తోట తీసి కొత్త మొక్క వేద్దామనుకునే రైతుకు మా మాట ముందే చెప్పేస్తాం. 900 మీటర్ల ఎత్తు దాటిన నేల, తలపైన మంచి నీడ, ఏటా ఎంతో కొంత ఎరువు వేసే ఓపిక ఉంటే చంద్రగిరి వేయండి. ఎరువు మాట ఎత్తని తోటలో వద్దు. అక్కడ పాత ఎస్ 795 రకమే తట్టుకుంటుంది.

చంద్రగిరిని బాలెహొన్నూరులోని కేంద్ర కాఫీ పరిశోధన సంస్థ 2007లో విడుదల చేసింది. విల్లా సార్చి, హైబ్రిడో డి తిమోర్ రకాల సంకరమైన అరబికా మొక్క ఇది. పొట్టి మొక్క, దగ్గర కణుపులు, వెడల్పైన మందపు ఆకులు. గింజ లావు, అందులో పెద్ద గింజలకిచ్చే ‘ఏ’ గ్రేడు వాటా ఎక్కువ.

దీని అసలు బలం ఆకు తుప్పు తెగులును తట్టుకోవడం. వానాకాలం చివర్లో ఎస్ 795 ఆకు తిప్పి అడుగున బొటనవేలితో రుద్దితే నారింజ రంగు పొడి వేలికి అంటుతుంది. పక్కనే ఉన్న చంద్రగిరి ఆకు చాలావరకు శుభ్రంగా ఉంటుంది. తిమోర్ దీవిలో కాఫీ జాతులైన అరబికా, రోబస్టా సహజంగా కలిసి పుట్టిన హైబ్రిడో డి తిమోర్ మొక్క నుంచి వచ్చిన గుణం అది. అలాగని ధీమాగా ఉండకూడదు. అదే తిమోర్ మొక్క సంతతి అయిన కావేరి రకం కూడా మొదట్లో తుప్పును ఆపింది, తర్వాత లొంగిపోయింది. అందుకే వానలకు ముందు ఒకసారి అర శాతం బోర్డో మిశ్రమం చల్లండి: 200 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఆకు అడుగు తడవకపోతే చల్లినా దండగే.

పురుగు బెడద ఉండదని రోబస్టా వైపు చూసేవాళ్లున్నారు. నిజమే, కాండం తొలిచే తెల్ల పురుగు దాని జోలికి పెద్దగా పోదు. కానీ రోబస్టా 500 నుంచి 1000 మీటర్ల మధ్య, వేడి కాస్త ఎక్కువున్న చోటి పంట. ఫిబ్రవరి, మార్చిలో పూత వాన పడకపోతే తడి పెట్టాల్సిందే, కొండవాలులో ఆ నీళ్లెక్కడివి? అరబికా పూత నుంచి పండుకు 8, 9 నెలలు, రోబస్టాకు 10, 11 నెలలు. రెండూ ఒకే తోటలో కలిపితే కోతలు రెట్టింపవుతాయి, గింజ కలిసిపోతే ధర పడిపోతుంది. ఫిల్టర్ కాఫీకి చిక్కదనం ఇచ్చేది రోబస్టానే, అందులో సందేహం లేదు. అయితే 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది అరకు అరబికాకు.

ఇక చంద్రగిరి లోపాలు. మొదటిది, శక్తికి మించి కాస్తుంది. నాలుగో ఏడు కొమ్మ నిండా కాయ చూసి మురిసిపోతాం. తిండి చాలకపోతే ఆకు రాలి, కొమ్మ చివర నల్లబడి ఎండుతుంది. కాయ ఎర్రబడినా లోపల గింజ నిండదు, నీళ్లలో వేస్తే తేలుతుంది. మరుసటి ఏడు కోయడానికి కొమ్మే ఉండదు. మొక్కకు కనీసం 2, 3 కిలోల కంపోస్టు వేయాలి. పొద గుబురుగా పెరుగుతుంది కాబట్టి కోత అయ్యాక లోపలి పిలకలు తీయాలి, ఎత్తు ఐదడుగులు దాటనివ్వకూడదు.

రెండోది తెల్ల పురుగు. ఏ అరబికా రకానికీ దీన్నుంచి పూర్తి రక్షణ లేదు. ఎండ తగిలే కాండం మీది బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి. సిల్వర్ ఓక్ ఒక్కటే నాటిన తోటల్లో నీడ పలచన. దానికి మిరియం పాకించుకోవడం లాభమే గానీ, మధ్యమధ్య పనస లాంటి గుబురు చెట్లు కూడా ఉండాలి. వదులైన బెరడును కొబ్బరి పీచుతో రుద్ది తీయండి, కత్తి వాడితే లోపలి పచ్చి పొర తెగుతుంది. తర్వాత 200 లీటర్ల నీటిలో 20 కిలోల సున్నం కలిపి కాండానికి చల్లాలి. ఆకు పసుపెక్కి, కాండం మీద గాజు తొడిగినట్టు ఉబ్బు కనిపిస్తే ఆ మొక్క పీకి కాల్చేయాల్సిందే.

పొట్టి రకమని 5 అడుగులకొకటి నాటితే ఎకరాకు 1,742 మొక్కలు పడతాయి, కానీ కొమ్మలు త్వరగా కలిసిపోతాయి. 6 అడుగుల దూరమే మా సలహా, 1,210 మొక్కలు.

గింజలు కాఫీ బోర్డు దగ్గరే తీసుకోండి. డిసెంబరు, జనవరిలో పోస్తే కిలోకు సుమారు 3,000 మొక్కలొస్తాయి. పెంచిన నారు కొనేవాళ్లు పైన ఆకుపచ్చదనం చూసి మోసపోవద్దు. ఒక సంచి చింపి తల్లివేరు చూడండి. నారు పీకి సంచిలో పెట్టినప్పుడే మడతపడి, పైభాగంలో కొంకిలా వంగి ఉంటే ఆ మొక్క రెండో వేసవికే వాడిపోతుంది, అలాంటి నారు వదిలేయండి. సంచి అడుగున మాత్రమే చుట్టుకుంటే ఆ చుట్ట కోసేసి నాటుకోవచ్చు.