సెన్సర్ బల్బా, సెన్సర్ స్విచ్చా, సీలింగ్ సెన్సరా: ఇంటికి ఏది మేలు?

మా అమ్మ రాత్రిళ్ళు రెండుసార్లైనా లేస్తుంది. బెడ్‌రూమ్ నుంచి బాత్రూమ్ దాకా చిన్న కారిడార్ ఉంది. దాని లైటు స్విచ్ అవతలి చివర ఉంది, బిల్డరు ఏ ధ్యాసలో పెట్టించాడో మరి. లైటు వేసుకోవాలంటే ముందు చీకట్లో నడవాలి. ఒక చలికాలం రాత్రి చెప్పుల స్టాండు కాలికి తగిలి పడబోయింది. మర్నాడే కోఠీ వెళ్ళి, ట్రూప్ బజార్‌లో మనిషి రాగానే వెలిగే లైటు కావాలని అడిగాను. షాపతను కౌంటర్ మీద మూడు పెట్టి "ఏది కావాలి సార్?" అన్నాడు. లోపలే సెన్సర్ ఉన్న బల్బు ఒకటి, స్విచ్ తీసేసి ఆ చోటే బిగించే సెన్సర్ స్విచ్ ఒకటి, సీలింగ్‌కి పెట్టే గుండ్రటిది ఒకటి. ఏది కావాలో నాకు తెలిస్తే కదా. ఏడాది తిరిగేసరికి మూడూ కొన్నాను.

సెన్సర్ స్విచ్‌తో మొదలుపెట్టాను, చూడటానికి అదే నీటుగా ఉందని. మా కాలనీ ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి టెస్టర్ పెట్టి చూశాడు. "సార్, ఈ బోర్డుల న్యూట్రల్ లేదు. ఫేజ్, లైట్ వైరు, గంతే." ఫేజ్ అంటే కరెంటు వచ్చే వైరు, న్యూట్రల్ అంటే అది తిరిగి వెళ్ళే వైరు. సరే, రెండు వైర్లతో నడిచే రకం కూడా ఉందిగా, అదే పెట్టెయ్ అన్నా, అన్నాను. దెబ్బ తిన్నది అక్కడే.

సెన్సర్ కూడా కరెంటు మీద నడిచే వస్తువే, ఇరవై నాలుగు గంటలూ దానికి కాస్త కరెంటు కావాలి. న్యూట్రల్ ఉంటే నేరుగా తీసుకుంటుంది. లేకపోతే లైటు ఆరి ఉన్నప్పుడు కూడా బల్బు గుండానే కొంచెం కొంచెం లాక్కుంటుంది. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బుకి ఆ కాస్త కరెంటు పారినట్టు కూడా తెలియదు. ఎల్ఈడీ అలా కాదు. దాని లోపలి కెపాసిటర్‌లో అది బొట్టు బొట్టుగా చేరుతుంది, నిండగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది, మళ్ళీ నిండుతుంది. మా కారిడార్‌లో రాత్రంతా ఇదే తంతు. రెండో రోజు పొద్దున్నే అమ్మ, "ఒరేయ్, ఆ బల్బు నాకు కన్ను కొడుతోందిరా, తీసేయించు" అంది. అప్పుడు పెట్టె తిప్పి చూస్తే కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: కనీసం 40 వాట్ల లోడు ఉండాలట. నా ఎల్ఈడీ 9 వాట్లు. కరెంటు ఆదా చేసే బల్బు పెట్టుకోవడమే తప్పయిపోయిందన్నమాట! బల్బుకి పక్కగా చిన్న కెపాసిటర్ బిగిస్తే ఈ మెరుపు ఆగుతుంది, కొన్ని కంపెనీలు స్విచ్‌తో పాటే ఇస్తాయి కూడా. కానీ ఒక అతుకుకి ఇంకో అతుకు వేసినట్టు అనిపించి నేను ఆ జోలికి పోలేదు.

ఇక గుండ్రటి సీలింగ్ సెన్సర్. దీనికి మూడు వైర్లు: ఫేజ్, న్యూట్రల్, బల్బుకి వెళ్ళేది ఒకటి. న్యూట్రల్ కోసం గోడలు పగలగొట్టాలేమోనని నా టెన్షన్. ఎలక్ట్రీషియన్ నవ్వాడు. "బోర్డుల లేకుంటేంది సార్, బల్బు కాడ ఉంటది గద." నిజమే. బల్బు పాయింట్ దగ్గర న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. కింద స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో వదిలేస్తే ఫేజ్ కూడా అక్కడికి వస్తుంది. సెన్సర్‌ని ఆ రెండిటికీ కలిపి, మూడో వైరు బల్బుకి ఇచ్చాడు. సెన్సర్ 450, అతని చేతికి 200. అరగంట పని. మెరుపుల్లేవు, మిణుకుల్లేవు. వెలిగేటప్పుడు లోపల రిలే, అంటే కరెంటుతో దానంతటదే పడే చిన్న స్విచ్, టక్‌మంటుంది, అంతే.

ఒకటి మాత్రం చూసుకోవాలి. ఆ పెట్టె మీద మామూలు బల్బులకి ఎన్ని వాట్లో, ఎల్ఈడీలకి ఎన్ని వాట్లో విడివిడిగా రాసి ఉంటుంది. ఎల్ఈడీలది బాగా తక్కువ. స్విచ్ వేసిన క్షణంలో ఎల్ఈడీలు ఒక్కసారిగా చాలా ఎక్కువ కరెంటు గుంజుతాయి. ఫాల్స్ సీలింగ్‌లో ఉన్న డజను లైట్లూ ఒకే సెన్సర్‌కి కలిపితే రిలే కాంటాక్టులు అతుక్కుపోయి, లైట్లు ఇక ఆరనే ఆరవు.

ఎక్కడ బిగించామన్నదీ ముఖ్యమే. ఈ సెన్సర్లలో ఎక్కువ భాగం పీఐఆర్ రకం. ఒంటి వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలడాన్ని అవి పసిగడతాయి. అడ్డంగా దాటితే వెంటనే తెలుస్తుంది, ఎదురుగా నడిచొస్తే ఆలస్యంగా తెలుస్తుంది. చుట్టూ ఉన్నవాటి వేడికీ ఒంటి వేడికీ తేడా ఉండాలి కూడా. మే నెలలో మా బాల్కనీ గోడలు సాయంత్రం దాకా కాలుతూనే ఉంటాయి, అప్పుడు అక్కడి సెన్సర్ నేను బాగా దగ్గరికి వస్తే గానీ లేవదు. అదే డిసెంబర్‌లో పిల్లి దాటినా లేస్తుంది.

సెన్సర్ బల్బుకి ఇన్ని తిప్పల్లేవు. పాతది తీసి హోల్డర్‌లో ఇది పెట్టడమే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి దీన్ని మించింది లేదు, ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చు. షేడ్ లోపల పెడితే మాత్రం దానికి కళ్ళకు గంతలు కట్టినట్టే. ఎంతసేపు వెలగాలో చాలావాటిలో మనం మార్చలేం. సెన్సర్ పోతే మంచి బల్బూ పారేయాలి, బల్బు పోతే మంచి సెన్సరూ పారేయాలి. మా ఇంట్లో ఇది స్టోర్ రూములో ఉంది, రెండు చేతుల్లో బియ్యం డబ్బా పట్టుకుని వెళ్ళే చోట. అక్కడ బంగారం.

బాత్రూమ్‌లో మాత్రం ఏ రకమూ వద్దంటాను. కొండాపూర్‌లో మా బావగారింట్లో షవర్‌కి గాజు పార్టిషన్ ఉంది. ఒంటి వేడి మామూలు గాజు దాటి రాదు. గాజు అవతల ఉన్న మనిషి మనకి కనిపిస్తాడు గానీ సెన్సర్‌కి కనిపించడు. తల నిండా షాంపూతో ఉండగా లైటు ఆరిపోతే, పాపం ఆయన పార్టిషన్ తలుపు తీసి చెయ్యి బయటపెట్టి ఊపేవారు. వేడిని కాకుండా రేడియో తరంగాలతో కదలికను పట్టే రాడార్ సెన్సర్ అయితే గాజు దాటి చూస్తుంది, కానీ చెక్క తలుపు దాటి కూడా చూస్తుంది. బెడ్‌రూమ్‌లో ఎవరు నడిచినా బాత్రూమ్‌లో లైటు వెలుగుతుంది.

సీఎఫ్ఎల్‌ల సంగతి మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద తేలింది. అక్కడ సెన్సర్లు పెట్టినప్పుడు, మూలన పడి ఉన్న పాత సీఎఫ్ఎల్‌లు వాడేద్దామన్నారు సెక్రటరీ గారు. అవి వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి నిమిషం దాకా పడుతుంది. మనం పై అంతస్తు చేరాక కింద అంతస్తు వెలిగిపోయేది. పైగా వెలిగిన ప్రతిసారీ వాటి ఫిలమెంట్ పూత కొంత రాలుతుంది, అందుకే మూడు నెలల్లో చివర్లు నల్లబడి పోయాయి. ఎల్ఈడీ చిప్‌కి ఎన్నిసార్లు వేసి తీసినా లెక్కలేదు.

బిల్లు సంగతికి వస్తే, ఇంట్లో సెన్సర్ పెట్టి డబ్బు మిగుల్చుకుందామంటే అది ఉత్తమాట. నా సెన్సర్ ఊరికే ఉన్నా అర వాట్ తింటుంది, అంటే రోజుకి 12 వాట్ అవర్లు. అంత కరెంటుతో 9 వాట్ల ఎల్ఈడీ గంటా ఇరవై నిమిషాలు వెలుగుతుంది. రోజూ అంతకంటే ఎక్కువసేపు లైటు వృథాగా వదిలేసే ఇల్లయితేనే మిగిలేది. 60 వాట్ల బల్బుల రోజుల్లో అయితే పన్నెండు నిమిషాల వృథా ఆపినా సెన్సర్ తిండి వెళ్ళిపోయేది. ఆదా అంతా ఎల్ఈడీయే ముందు చేసేసింది, సెన్సర్‌కి పెద్దగా మిగల్లేదు.

మెట్ల లెక్క వేరు. 9 వాట్ల ఎల్ఈడీలు ఐదు, సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా వెలిగితే నెలకి 16 యూనిట్లు. సెన్సర్లతో ఒక్కో లైటు రోజుకి రెండు గంటలు వెలిగిందనుకుంటే, సెన్సర్ల తిండితో కలిపి నాలుగున్నర. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా నెలకి 90 దాకా మిగులు, మూడేళ్ళలో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. అందుకే మెట్లకీ కారిడార్‌కీ మూడు వైర్ల సీలింగ్ సెన్సర్, స్టోర్ రూముకి సెన్సర్ బల్బు. రెండు వైర్ల స్విచ్ ఇప్పుడు అటక మీద ఉంది, ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ సీలింగ్ సెన్సర్ కుదురుకోవడానికి అరనిమిషం పడుతుంది, ఆ అరనిమిషం ఎవరూ లేకపోయినా కారిడార్ వెలుగుతుంది. మొదట్లో అది లోపమనుకున్నాను. వేసవిలో అర్ధరాత్రి కరెంటు వచ్చిందంటే ఇప్పుడు ముందు తెలిసేది అమ్మకే. "కరెంటొచ్చిందిరా, ఏసీ వేసుకో" అని గదిలోంచే కేకేస్తుంది.