పెద్ద పైక్ వేటకు ఉత్తర కెనడా: ఏ సరస్సు, ఏ వారం, ఏ లాడ్జ్

చిన్న విమానంలో తప్ప చేరలేని చేపల లాడ్జ్‌లకు ఫోన్ చేసేవాళ్లు ముందుగా గదుల గురించి, భోజనం గురించి అడుగుతారు. పెద్ద పైక్ (పొడవాటి వేటాడే మంచినీటి చేప) కోసం వెళ్లేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు. లాడ్జ్ రేవు నుంచి బోటులో గంటలోపు చేరగలిగే లోతు తక్కువ బేలు, అంటే ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన సరస్సు మూలలు, ఎన్ని ఉన్నాయి? వారంలో ఒక్కో బేలోకి ఎన్ని బోట్లు వెళ్తాయి? దీనికి సూటిగా జవాబు చెప్పలేని లాడ్జ్‌లో మంచం ఎంత మెత్తగా ఉన్నా ఉపయోగం లేదు.

పెద్దది అంటే ఎంతో ముందు తేల్చుకోవాలి. పెద్ద చేపలు పట్టినవాళ్లను గుర్తించే మనిటోబా మాస్టర్ యాంగ్లర్ పథకంలో నార్తర్న్ పైక్‌కు కనీస పొడవు 41 అంగుళాలు, అంటే 104 సెంటీమీటర్లు. ఈ కొలత దాటినవి దాదాపు అన్నీ ఆడ చేపలే. అక్కడ నీళ్లు వెచ్చగా ఉండేది ఏడాదిలో కొద్ది నెలలే కాబట్టి ఎదుగుదల చాలా నెమ్మది. 40 అంగుళాల చేపకు తరచూ పదిహేనేళ్లకు పైనే వయసు ఉంటుంది. అలాంటి చేపను ఒకదాన్ని చంపితే దాని చోటు భర్తీ కావడానికి మళ్లీ అంతకాలం పడుతుంది. అందుకే పెద్దవాటిని విధిగా వదిలేసే లాడ్జ్‌ల చుట్టూనే పెద్దవి మిగిలాయి. రికార్డు మీద ఆశ ఉన్నవాళ్లకు ఒక మాట: గాలంతో పట్టిన పైక్ ప్రపంచ రికార్డు 55 పౌండ్ల 1 ఔన్సు, 1986లో జర్మనీలో నమోదైంది. కెనడా ఉత్తరానికి వెళ్లేది రికార్డు కోసం కాదు, ఒకే రోజులో 40 అంగుళాలు దాటినవి ఒకటికి మించి తగిలే అవకాశం కోసం.

తూకం వేయడానికి చేపను వేలాడదీయకండి. పొడవును, నడుము చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి 800తో భాగిస్తే పౌండ్లలో బరువు దాదాపుగా వస్తుంది. 45 అంగుళాల పొడవు, 20 అంగుళాల చుట్టుకొలత ఉంటే ఇరవై రెండున్నర పౌండ్లు.

ఇక సరస్సులు. సస్కచెవాన్‌లోని వోలాస్టన్ నీళ్లు రెండు దిక్కులకు పారతాయి, ఒకవైపు మెకెంజీ నదీ వ్యవస్థలోకి, ఇంకోవైపు హడ్సన్ బేలోకి. దీవులు, మూలమూలకూ చొచ్చుకుపోయే బేలు ఎక్కువ కాబట్టి గాలి ఎటు వీచినా ఎక్కడో ఒకచోట వేట సాగుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు మా సలహా ఇదే. 60వ అక్షాంశం మీద సస్కచెవాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్ సరిహద్దులో ఉన్న స్కాట్ సరస్సు దీనికంటే చిన్నది. చుట్టుపక్కల చిన్న సరస్సులకు రోజువారీ విమానంలో వెళ్లిరావడం అక్కడి ఆకర్షణ. రెండు వైపులా గాలం వేయాలంటే రెండు లైసెన్సులు కావాలి, అవి ప్యాకేజీ ధరలో ఉన్నాయో లేదో అడగండి. మనిటోబా, నూనవుట్ సరిహద్దులోని న్యూయెల్టిన్ చాలా పెద్దది. అక్కడ దూరపు బేలకు వెళ్తే రోజులో సగం బోటులోనే గడుస్తుంది, కాబట్టి దూరపు క్యాంపుల్లో రాత్రి బస ఉందా అన్నది ముఖ్యం. గ్రేట్ స్లేవ్ సరస్సు లోతు 614 మీటర్లు, ఉత్తర అమెరికాలో దీనంత లోతైనది ఇంకొకటి లేదు. దాని తూర్పు పాయ ఈస్ట్ ఆర్మ్ లేక్ ట్రౌట్ అనే చేపకు పేరుపడింది. పైక్ కోసమే వెళ్తే లోతు తక్కువగా ఉండే నార్త్ ఆర్మ్ వైపు చూడాలి. ఈస్ట్ ఆర్మ్ లాడ్జ్‌లో డబ్బు కట్టి పైక్ దొరకలేదని బాధపడటం తప్పు సరస్సు భాగాన్ని ఎంచుకోవడం వల్ల వచ్చేదే.

సరస్సు కంటే వారం ఇంకా ముఖ్యం. ఈ ప్రాంతంలో మంచు జూన్ మొదట్లోనో మధ్యలోనో కరుగుతుంది, ఏటా వారం పది రోజులు అటూఇటూ అవుతుంది. పైక్ గుడ్లు పెట్టేది సరిగ్గా అప్పుడే, మోకాలి లోతు గడ్డిలో. గుడ్లు పెట్టాక రెండు మూడు వారాలు పెద్ద ఆడ చేపలు ఆ బేలలోనే ఉంటాయి. ప్రధాన సరస్సు నాలుగైదు డిగ్రీల చలిలో ఉంటే, నల్లటి బురద నేల ఉన్న బే ఎండకు 12 నుంచి 15 డిగ్రీలకు చేరుతుంది. ఉత్తరపు గాలి తగలకుండా, దక్షిణపు ఎండ పడేలా ఉన్న ఒడ్డు అన్నిటికంటే ముందు వెచ్చబడుతుంది. కొరమీనులాగే పైక్ కూడా గడ్డిలో కదలకుండా నక్కి ఉండే చేప. ఈ రోజుల్లో దాన్ని కంటితో చూసి గాలం వేయొచ్చు. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకపోతే ఈ వారాలకు పెట్టిన డబ్బులో సగం వృథా. మోటారు బే బయటే ఆపి తెడ్డుతో లోపలికి వెళ్లాలి. లూర్‌ను (కృత్రిమ ఎరను) చేప తల మీద పడనివ్వకుండా రెండు మూడు మీటర్లు ముందుకు వేసి దాని దారిలోకి లాగాలి. చలిగాలి తిరిగి మబ్బు పడితే చేపలు బే ముఖద్వారం దగ్గర లోతు మొదలయ్యే అంచుకు జారుకుంటాయి. ఆ రోజు లోపల వెతికి లాభం లేదు.

జులైలో క్యాబేజ్ అనే వెడల్పాటి ఆకుల నీటి మొక్కలు రెండు మూడు మీటర్ల లోతులో పెరుగుతాయి, చేప అక్కడికి చేరుతుంది. లెక్కకు ఎక్కువ చేపలు పడేది ఈ నెలలోనే. ఆగస్టులో పెద్దవి చల్లటి నీటి కోసం, వైట్‌ఫిష్ అనే చేపల వెంట లోతైన రాతి అంచులకు వెళ్తాయి. బేలు ఖాళీగా కనిపిస్తే సరస్సులో చేపలు లేవని కాదు. సెప్టెంబరు మొదటి వారం బరువైన చేపలకు మంచిది, కానీ చలి, గాలి తట్టుకోవాలి, చాలా లాడ్జ్‌లు అప్పటికే మూసేస్తుంటాయి. ఒక్కటే ఎంచుకోమంటే జూన్ చివరి పది రోజులు. మంచు ఆలస్యంగా కరిగిన ఏడాది కూడా అప్పటికి బేలు తెరుచుకుంటాయి. 60వ అక్షాంశంలో ఆ రోజుల్లో పగలు దాదాపు 19 గంటలు, కాబట్టి రాత్రి భోజనం తర్వాత మళ్లీ బోటు ఇస్తారా అని అడగండి. కొన్ని చోట్ల గైడ్ పని సాయంత్రం ఐదుకే ముగుస్తుంది.

బసల్లో ప్రధానంగా రెండు రకాలు. అమెరికన్ ప్లాన్ అంటే గది, మూడు పూటలా తిండి, ఇద్దరికి ఒక గైడ్, బోటు, పెట్రోలు అన్నీ కలిపి. అవుట్‌పోస్ట్ క్యాబిన్ అంటే ఒక సరస్సు మీద మీరు మాత్రమే. గ్యాస్ ఫ్రిజ్, కట్టెల పొయ్యి, బోట్లు ఉంటాయి, వంటా గైడ్ పనీ మీదే. ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే నీటి కింద రాళ్లను గుర్తుపట్టడం రానివాళ్లకు ఇది సరిపడదు, రాయి తగిలి ప్రొపెల్లర్ విరిగితే మిగతా రోజులు ఒడ్డునే. అదనపు ప్రొపెల్లర్, దాన్ని బిగించే పిన్నులు, పానా, శాటిలైట్ ఫోన్ క్యాబిన్‌లో ఉన్నాయని ముందే రాతలో తీసుకోండి. రోజుకు ఎంత పెట్రోలు ఇస్తారో కూడా.

పెద్ద లాడ్జ్‌లో ఖర్చుకు తగిన ఫలితం గైడ్ దగ్గర కనిపిస్తుంది. డెనే, క్రీ సముదాయాల నుంచి వచ్చిన గైడ్లకు ఆ బేలు చిన్నప్పటి నుంచి తెలుసు. గైడ్లు ఎన్నేళ్లుగా అక్కడే పనిచేస్తున్నారని అడిగితే లాడ్జ్ సంగతి చాలావరకు తెలిసిపోతుంది. టిప్పు ప్యాకేజీ ధరలో 10 నుంచి 15 శాతం ఆనవాయితీ. ధర చెప్పేటప్పుడు 5 శాతం ఫెడరల్ జీఎస్టీ, లైసెన్సు, చిన్న సరస్సులకు వెళ్లే విమానం కలిపారో లేదో విడిగా రాయించుకోండి.

నీళ్ల మీద దిగే ఫ్లోట్ ప్లేన్‌లో సామాను మనిషికి సాధారణంగా 50 పౌండ్లు, అంటే 23 కిలోలు, రాడ్లతో సహా. రేవులో తూస్తారు. గట్టి సూట్‌కేసులు పట్టవు, మెత్తటి డఫెల్ బ్యాగు కావాలి. రాడ్ రెండు ముక్కలుగా విడిపోయేదై ఉండాలి. ఈ విమానాలు కంటికి కనిపించే వెలుతురులోనే ఎగురుతాయి. పొగమంచు, గాలి, కార్చిచ్చు పొగ ఏది వచ్చినా ఆగిపోతాయి. 2023 ఆగస్టులో ఎల్లోనైఫ్ నగరాన్నే ఖాళీ చేయించారు, 2025 మే చివర్లో మనిటోబా, సస్కచెవాన్ రెండూ అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. కార్చిచ్చు వల్ల రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, వచ్చే ఏడాదికి మారుస్తారా అన్నది రాతలో ఉండాలి. తిరుగు ప్రయాణంలో విన్నిపెగ్‌లోనో సస్కటూన్‌లోనో ఒక రాత్రి ఖాళీ ఉంచుకోండి. విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు భరించే బీమా లేకుండా మాత్రం వెళ్లకండి.

ఏడడుగుల మీడియం హెవీ బెయిట్‌కాస్టింగ్ రాడ్, 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్ (పేనిన) లైన్, దాని చివర చేప పళ్లకు తెగకుండా కట్టే 12 నుంచి 18 అంగుళాల టైటానియం తీగ, అంటే లీడర్, చాలు. మామూలు స్టీల్ తీగ ఒక పెద్ద చేపకే మెలిపడుతుంది, మెలిపడినదాన్ని వెంటనే మార్చకపోతే తర్వాతి చేపకు తెగుతుంది. లూర్‌ను తగిలించే చవక స్నాప్ (కొక్కి) తెరుచుకోవడం వల్ల పోయే చేపలు లైను తెగి పోయేవాటికంటే ఎక్కువ, 75 పౌండ్లకు తగ్గనివి కొనండి. లూర్లు పది చాలు: పసుపు మీద ఎర్ర డైమండ్ గుర్తుల లెన్ థాంప్సన్ స్పూన్ (చెంచా ఆకారపు లోహపు లూర్), ఎరుపు తెలుపు డార్‌డెవిల్, గడ్డిలో చిక్కుకోని ముప్పావు ఔన్సు జాన్సన్ సిల్వర్ మిన్నో, 5వ నంబరు మెప్స్ స్పిన్నర్, ఆరేడు అంగుళాల తెల్లటి రబ్బరు స్విమ్‌బెయిట్. ఫ్లై రాడ్ వాడేవాళ్లకు 9 వెయిట్ రాడ్, తీగ టిప్పెట్ (లైను చివరి ముక్క). లూర్ బోటు పక్కకు వచ్చాక పైకి లేపేయకుండా నీళ్లలో ఇంగ్లిష్ ఎనిమిది అంకెలా ఒకటి రెండుసార్లు తిప్పండి, వెంబడించి వచ్చిన పెద్దవి తరచూ అప్పుడే పట్టుకుంటాయి. రీల్‌లో లైను జారే బిగింపు, అంటే డ్రాగ్, బిగుతుగా ఉంటే రాడ్ విరిగేది కూడా అక్కడే, చేప బోటు కిందకు దూసుకుపోయేటప్పుడు.

మనిటోబా అంతటా బార్బ్ (కొక్కెం మొన దగ్గరి వెనుక ముల్లు) లేని కొక్కేలు తప్పనిసరి. పట్టకారుతో బార్బ్‌ను నొక్కేస్తే చాలు. స్పూన్‌కు మూడు కొక్కేల గుత్తి తీసి 4/0 సైజు ఒంటి కొక్కెం పెడితే చేపకు గాయం తగ్గుతుంది, మీ వేళ్లకు కూడా. రబ్బరు పూత వల ఉందా అని లాడ్జ్‌ను అడగండి. ముడుల నైలాన్ వల రెక్కలను చీల్చి, జిగురు పొరను ఊడబెరుకుతుంది. చేపను వలలోనే నీళ్లలో ఉంచి, 11 అంగుళాల పట్టకారుతో కొక్కెం తీయాలి. లోతుగా దిగితే లాగకుండా కట్టర్‌తో కొక్కేన్నే కత్తిరించాలి. ఫోటో కోసం ఎత్తేటప్పుడు ఒక చెయ్యి మొప్ప మూత కింద దవడ ఎముక దగ్గర, మొప్పల ఎర్రటి భాగం తగలకుండా, ఇంకో చెయ్యి పొట్ట వెనక. అడ్డంగా పట్టుకోవాలి, దవడకు క్లిప్పు వేసి నిలువుగా వేలాడదీస్తే 20 పౌండ్ల బరువు దవడ మీద, వెన్ను మీద పడుతుంది. ముందు కెమెరా సిద్ధం, తర్వాతే చేప పైకి, అర నిమిషం మించకూడదు. వదిలేటప్పుడు ముందుకూ వెనక్కూ ఊపకుండా తోక దగ్గర నిలకడగా పట్టుకుంటే తానే తన్నుకుని పోతుంది. నీళ్లు 20 డిగ్రీలు దాటిన బేలో పెద్దవాటి జోలికి పోకపోవడం మంచిది.

మధ్యాహ్నం ఒడ్డున పొయ్యి పెట్టి వండే షోర్ లంచ్ ఈ యాత్రల్లో పెద్ద ఆనందం. అయితే చేపను పాత పద్ధతిలో పంది కొవ్వులో వేయిస్తారు, డబ్బా బీన్స్‌లో కూడా పంది మాంసం ఉండొచ్చు. తిననివాళ్లు, శాకాహారులు బుకింగ్ రోజే రాసి పంపితే కనోలా నూనె, విడి బాణలి ఏర్పాటవుతాయి. సరుకులు విమానంలో రావాలి కాబట్టి అక్కడికి వెళ్లాక చెప్తే ఏమీ చేయలేరు. ఆవకాయ, కందిపొడి గాజు సీసాల్లో కాకుండా ప్లాస్టిక్‌లో తీసుకెళ్లండి. దోమలకు, బ్లాక్ ఫ్లైలనే కుట్టే చిన్న ఈగలకు వల జాకెట్ కావాలి, కెనడాలో అమ్మే దోమల మందులో డీట్ 30 శాతం మించదు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు చివరి విషయం. భారత పాస్‌పోర్టుతో హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా ముందే ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ చెల్లుబాటులో ఉంటే సరిపోతుంది. లాడ్జ్ అడ్వాన్సు సాధారణంగా తిరిగి రాదు కాబట్టి వీసా వచ్చాకే కట్టండి.