న్యూజెర్సీ, హడ్సన్ లోయ ఆపిల్ తోటలు: ఎవరితో వెళ్తే ఏ తోట

సెప్టెంబర్ రెండో వారం వచ్చిందంటే న్యూజెర్సీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "ఆపిల్ పికింగ్‌కి ఏ ఫార్మ్ బాగుంటుంది?" పది మంది పది పేర్లు చెప్తారు, ఎవరి పిల్లల ఫొటోలు వాళ్ళు పెడతారు, అడిగినవాళ్ళు ఇంకా గందరగోళంలో పడతారు. మా ఇంట్లో వినాయక చవితి ఎంత తప్పనిసరో, డబ్బు కట్టి తోటలో మన చేత్తోనే ఆపిల్స్ కోసుకునే ఈ పనీ అంతే, పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి ఒక్క ఏడాదీ మానలేదు. నన్నడిగితే మాత్రం తోట పేరు చెప్పే ముందు ఒక మాట అడుగుతాను: కారులో ఎవరెవరు ఎక్కుతున్నారు? రెండేళ్ళ పిల్లాడికి కుదిరిన తోట మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి కుదరదు. ఆవిడకి నచ్చిన చోటికి పద్నాలుగేళ్ళ పిల్ల రానంటుంది.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మాకు అచ్చొచ్చింది ప్రిన్స్‌టన్ పక్కన లారెన్స్‌లో ఉన్న టెర్‌హ్యూన్ ఆర్చర్డ్స్. ఎడిసన్ వైపు నుంచి ముప్పావుగంట దూరం. ఆపిల్స్ కోసుకునే తోట ఒకచోట, దుకాణం, బాతులు, మేకలు ఉన్న ఫార్మ్ ఇంకోచోట ఉంటాయి కాబట్టి జీపీఎస్‌లో వాన్ కర్క్ రోడ్డులోని తోటనే పెట్టుకోవాలి. అక్కడ చెట్లు పొట్టివి. మూడేళ్ళ పిల్లాడు నేల మీద నిలబడి తన చేత్తో తనే కోసుకోగలడు, నిచ్చెన గొడవే లేదు. ఇప్పటి తోటలు చాలావరకు ఇంతే. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్‌లో వందేళ్ళ కిందట ఎంపిక చేసిన పొట్టి వేరుమూలాల (అంటుకి అడుగున వాడే వేరు మొక్కల) మీద, వాటి నుంచి వచ్చిన రకాల మీద అంటు కడతారు. అలాంటి చెట్టు ఎత్తుకు పోదు, కాపుకీ తొందరగా వస్తుంది.

కాస్త పెద్దయ్యాక పిల్లలకి ఆపిల్స్ ఒక్కటే చాలవు. అప్పుడు చెస్టర్‌లోని ఆల్‌స్టెడ్ ఫార్మ్స్ లాంటివి పనికొస్తాయి. ట్రాక్టర్ బండి, మొక్కజొన్న చేలో దారి వెతుక్కునే ఆట, జంతువులు, గుమ్మడికాయలు, అన్నీ ఒకేచోట. ఉదయం వెళ్తే సాయంత్రం దాకా పిల్లలు "ఇంటికి వెళ్దాం" అనరు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవాలి. అయితే మనం వెళ్ళింది జాతరకి, ఆపిల్స్ దారిలో కోసుకున్నవి. నాలుగు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలుంటే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. లేకపోతే ఆ డబ్బుతో ఉత్తరానికి ఇంకో గంట డ్రైవ్ చేసి న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ లోయకి వెళ్ళడమే నయం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఒక తోటలో (పేరెందుకులెండి) తలకి ఇంత అని ప్రవేశ రుసుం, దాని మీద కోసిన కాయలు నింపుకునే సంచి ప్రతి ఇద్దరికీ ఒకటి కొనడం తప్పనిసరి, అది కాక పార్కింగ్. లోపలికి వెళ్ళి చూస్తే ఆదివారం మధ్యాహ్నానికి చేతికందే కొమ్మల మీద ఒక్క కాయ లేదు. గేటు దగ్గర అమ్మాయిని అడిగితే చెట్ల వెనకవైపు చూడమంది. వెనకవైపూ అంతే. అప్పట్నుంచి డబ్బు కట్టే ముందే రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: ఇవాళ ఏ వరసలు తెరిచారు? వాటిలో ఏ రకం ఉంది? మంచి తోటలవాళ్ళు దీనికి విసుక్కోరు, పైగా మ్యాప్ తీసి పెన్నుతో గీసి చూపిస్తారు. నా దృష్టిలో సర్వీస్ అంటే అది. డోనట్లు అమ్మే చోట నవ్వుతూ పలకరించడం ఎవరైనా చేస్తారు.

మా అత్తయ్యగారు, మావయ్యగారు తెనాలి నుంచి వచ్చిన ఏడాది లెక్కలన్నీ మారిపోయాయి. అత్తయ్యగారు ఎక్కువ దూరం నడవలేరు, గతుకుల నేల అసలు పడదు. అందుకని న్యూయార్క్ రాష్ట్రంలో వార్విక్ దగ్గరున్న మాస్కర్ ఆర్చర్డ్స్‌కి తీసుకెళ్ళాం. దాని గొప్పతనం ఒక్కటే: కారుని తోటలోకే నడుపుకుంటూ వెళ్ళి, చెట్ల పక్కనే ఆపుకోవచ్చు. ఆవిడ డిక్కీ దగ్గర మడత కుర్చీలో కూర్చుంటే మనవలు కోసిన కాయ కోసినట్టు తెచ్చి ఒళ్ళో పోశారు. ట్రాక్టర్ బండి ఎక్కించి దించే తోటల్లో ఇది జరగదు, ఆ బండి మెట్టు పెద్దవాళ్ళకి చాలా ఎత్తు. టాయిలెట్ సంగతి కూడా ముందే కనుక్కోవాలి. చాలా తోటల్లో ప్లాస్టిక్ డబ్బాల్లాంటి పోర్టబుల్ టాయిలెట్లే ఉంటాయి. చీర కట్టుకున్న ఆడవాళ్ళకి అవి నరకం. దారిలో కాస్త పక్కకి తిరిగి పొమోనాలోని రంగనాథస్వామి గుడికి వెళ్తే దర్శనమూ అవుతుంది, ఈ ఇబ్బందీ తీరుతుంది. అక్కడి నుంచి స్టెర్లింగ్ ఫారెస్ట్ మీదుగా 17ఎ రోడ్డు పట్టుకుంటే కొండల మధ్య దారి ఎంతో బాగుంటుంది.

మావయ్యగారిది నిమ్మతోట. సంచి ధర విని ఆయన ఆగిపోయారు. "కోత కూలి మనకివ్వాల్సింది పోయి మన దగ్గరే వసూలు చేస్తున్నారా!" అన్నారు. తర్వాత మాత్రం మా అందరికంటే ఎక్కువసేపు ఆయనే తోటలో ఉన్నారు. కొమ్మలు తీగలకి ఎందుకు కట్టారు, అంటు ఎక్కడ వేశారు, పిందెలు ఎప్పుడు తీసేస్తారు, అన్నీ అక్కడ పనిచేసే అతన్ని అడిగారు, నేను మధ్యలో దుబాసీని. కోసే పద్ధతి కూడా పిల్లలకి ఆయనే సరిగ్గా నేర్పారు. కాయని లాగకూడదు. అరచేతిలో పట్టుకుని పైకి ఎత్తుతూ కొంచెం తిప్పాలి, పండితే తొడిమతో సహా తనే వచ్చేస్తుంది. లాగితే తొడిమ పక్కనున్న మొగ్గ కూడా ఊడొస్తుంది, వచ్చే ఏడాది పూత అందులోనే ఉంటుంది. ఎండ తగిలే బయటి కొమ్మల కాయలే ముందు పండుతాయని కూడా ఆయనే చూపించారు. రాలిన కాయలు ఏరబోతే వద్దన్నది తోట అతను. రాత్రిపూట జింకలు తిరుగుతాయి, వాటి పేడ తగిలిన కాయతో కడుపు పాడవుతుంది.

వార్విక్‌లో అక్టోబర్ మొదట్లో ఒక ఆదివారం ఆపిల్‌ఫెస్ట్ అని పెద్ద సంత జరుగుతుంది. సంతకే వెళ్ళాలనుకుంటే సరే, తోటకి మాత్రం ఆ రోజు వెళ్ళకండి. ఊళ్ళోకి వచ్చే రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి.

ఎప్పుడు వెళ్ళాలి అన్నదాని మీద మా ఇంట్లో ఏటా గొడవే. ఆకులు ఎర్రబడటం చూడాలంటే హడ్సన్ లోయలో అక్టోబర్ మధ్య దాటాలి. మా పిల్లలకి కావాల్సిన హనీక్రిస్ప్ అప్పటికి తోటల్లో దాదాపు ఖాళీ. అది సెప్టెంబర్ మధ్యలో వస్తుంది, వచ్చిన వారాంతానికే జనం ఊడ్చేస్తారు. మినెసోటా విశ్వవిద్యాలయం 1960లో సంకరం చేసి 1991లో విడుదల చేసిన రకం అది. కొరికితే కరకరలాడి నోరంతా రసం అవుతుంది, అందుకే అంత గిరాకీ. దానికంటే కొంచెం ముందు మెకింటోష్ వస్తుంది. కెనడాలో 1811 ప్రాంతంలో దొరికిన ఒక్క మొక్క నుంచి వచ్చిన పాత రకం, పులుపు తీపి కలిసి ఉంటుంది కానీ తొందరగా మెత్తబడిపోతుంది. సెప్టెంబర్ చివర్లో ఎంపైర్, కోర్ట్‌లాండ్. ఆ తర్వాత మెకూన్. నన్నడిగితే హనీక్రిస్ప్ కోసం కొట్టుకునేవాళ్ళంతా ఒకసారి మెకూన్ తిని చూడాలి. న్యూయార్క్ రాష్ట్రంలోనే జెనీవా పరిశోధన కేంద్రంలో పుట్టింది, 1932లో బయటికొచ్చింది, దుకాణాల్లో పెద్దగా కనిపించదు. అక్టోబర్లో జోనాగోల్డ్, గోల్డెన్ డెలిషస్, నెలాఖరుకి ఫ్యూజీ.

కాబట్టి పిల్లలుంటే సెప్టెంబర్ మూడో వారం, ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే అక్టోబర్ మూడో వారం. వాళ్ళకి ఏ ఆపిల్ అన్నది పట్టింపు లేదు, కొండంతా ఎర్రగా మండుతున్నట్టు కనిపిస్తే చాలు. హనీక్రిస్ప్, ఎర్ర ఆకులు రెండూ ఒకే ట్రిప్‌లో కావాలని కొలంబస్ డే (అక్టోబర్ రెండో సోమవారం) లాంగ్ వీకెండ్ పట్టుకునేవాళ్ళు ఎక్కువ. రెండూ సగం సగమే దొరుకుతాయి, ట్రాఫిక్ మాత్రం పూర్తిగా దొరుకుతుంది. ఏదైనా బయల్దేరే ముందు రోజు తోట వెబ్‌సైట్ చూడాలి. 2023 మే 18 తెల్లవారుజామున గడ్డకట్టే చలి వచ్చి, న్యూయార్క్ నుంచి న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాలు) దాకా చాలా తోటల్లో పిందెలు మాడిపోయాయి. ఆ శరదృతువులో కొన్నిచోట్ల జనాన్ని కోతకి రానివ్వనేలేదు.

ఒక రాత్రి ఉండేలా వెళ్ళాలంటే వార్విక్ కంటే ఇంకా ఉత్తరానికి వెళ్ళడం మంచిది. హోప్‌వెల్ జంక్షన్‌లోని ఫిష్‌కిల్ ఫార్మ్స్ కొండ వాలు మీద ఉంటుంది, పైనుంచి చూస్తే దూరాన కొండల వరసలు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ హయాంలో అమెరికా ఆర్థికమంత్రిగా (అక్కడ ఆర్థికశాఖని ట్రెజరీ అంటారు) చేసిన హెన్రీ మోర్గెంతౌ జూనియర్ తోట అది, వాళ్ళు చేసే హార్డ్ సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యం) పేరు ట్రెజరీ అని ఎందుకు పెట్టారో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. వారాంతాలకి ముందే రిజర్వ్ చేసుకోవాలి. మా పెద్దది ఇప్పుడు ఒప్పుకునే తోట ఇదొక్కటే, ఫొటోలు బాగా వస్తాయట. హడ్సన్ నది దాటి న్యూపాల్ట్స్ వైపు వెళ్తే డ్రెస్సెల్ ఫార్మ్స్ ఉంది, హంగులు తక్కువ, చెట్ల మధ్య నుంచి షావాంగంక్ కొండలు, వాటి మీద మోహాంక్ బురుజు కనిపిస్తాయి. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, మా ఆయనకి కూడా.

బసకి మూడు దారులున్నాయి. ఫిష్‌కిల్ దగ్గర 84 హైవే పక్కన వరసగా చెయిన్ హోటళ్ళున్నాయి. అందం ఏమీ ఉండదు, కానీ లిఫ్ట్ ఉంటుంది, వేడినీళ్ళకి లోటుండదు, పొద్దున్నే టిఫిన్ ఇస్తారు, పెద్దవాళ్ళతో వెళ్తే ఇంతకంటే ఏం కావాలి! న్యూపాల్ట్స్ పరిసరాల్లో అద్దెకిచ్చే పాత ఇళ్ళు ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. మేం దిగిన ఒకదాంట్లో మెట్లు నిటారుగా ఉన్నాయి, ఉన్న ఒక్క బాత్రూమ్ మేడ మీద, అత్తయ్యగారు రాత్రంతా నిద్రపోలేదు. వంటగది ఉంది కదా అని తీసుకున్నాం, పోపు పెట్టగానే పొగ అలారం మోగింది. అలాంటివి స్నేహితులంతా కలిసి వెళ్తే బాగుంటాయి. మూడోది 1869 నాటి మోహాంక్ మౌంటెన్ హౌస్, సరస్సు ఒడ్డున కోటలా ఉంటుంది, మూడు పూటల భోజనం అద్దెలోనే. అక్టోబర్ వారాంతంలో ఒక్క రాత్రి అద్దె చూసి మా ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. డే పాస్‌తో వెళ్ళి నడిచి రావచ్చు, మాలాంటివాళ్ళకి అది చాలు.

పెద్దవాళ్ళకి తోటకంటే ఎక్కువ నచ్చింది పొకీప్సీలోని వాక్‌వే ఓవర్ ది హడ్సన్. 1889 నాటి రైలు వంతెన, 1974లో తగలబడి మూలపడితే 2009లో నడక వంతెనగా తెరిచారు. పొడవు 1.28 మైళ్ళు, నది మీద 212 అడుగుల ఎత్తు. ప్రవేశం ఉచితం, నేల సమతలం, చక్రాల కుర్చీ హాయిగా వెళ్తుంది. మావయ్యగారు మధ్య దాకా నడిచి, కింద వెళ్ళే రైలు చూసి, ఇంకాసేపు ఉందామన్నారు. మినెవాస్కా పార్క్ కూడా అందంగా ఉంటుంది కానీ అక్టోబర్ వారాంతంలో పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళగలిగితేనే పెట్టుకోండి.

తిండి విషయం: తోటల్లో అమ్మే సైడర్ (ఆపిల్ రసం) డోనట్లలో మామూలుగా గుడ్డు ఉంటుంది, శాకాహారులైన పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. వడకట్టని ఆపిల్ రసం సీసా మీద పాశ్చరైజ్ చేశారో లేదో చూడాలి, చేయకపోతే హెచ్చరిక రాసి ఉంటుంది, చంటిపిల్లలకీ గర్భిణులకీ అది వద్దు. బయటి తిండి రానివ్వని తోటలూ ఉన్నాయి. అలాంటప్పుడు పులిహోర డబ్బా కారులోనే ఉంచి పార్కింగ్ స్థలంలో తినేస్తాం. గడ్డిలో టిక్ పురుగులు ఉంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. నిండు ప్యాంటు, సాక్సులు వేసుకుని, ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక చూడాలి.

ఇక సంచి ఎంత పెద్దది తీసుకోవాలి? హాఫ్ బుషెల్ అంటే దాదాపు 9 కిలోలు, నలుగురున్న ఇంటికి అదే ఎక్కువ. చూడగానే అందరికీ ఇంకోటి కావాలనిపిస్తుంది, వద్దు. ఇంటికొచ్చాక కడగకుండా ఫ్రిజ్ అడుగు అరలో పెట్టాలి, దెబ్బ తగిలినవి విడిగా తీసేయాలి, బంగాళదుంపల పక్కన ఉంచకూడదు. మెకింటోష్ ముందు తినేయాలి, ఫ్యూజీ అయితే సంక్రాంతి దాకా ఆగుతుంది. పుల్లటి గ్రానీ స్మిత్ దొరికే తోట తగిలితే కొన్ని వేరే కోసుకోండి, మామిడికాయ లేని నెలల్లో పప్పులోకి, ముక్కల పచ్చడికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అత్తయ్యగారు వాటితో ఆవపిండి కలిపి పెట్టిన పచ్చడి మా ఇంట్లో వారం కూడా నిలవలేదు, ఈసారి వాటికోసమే అక్టోబర్ చివర్లో న్యూజెర్సీ తోటకి ఇంకో చుట్టు వెళ్దామంటున్నారు మా ఆయన.